యుద్ధం పుస్తకాల్లో లేని పేరు

మా ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చారు. ఆయనకు చూపు మందగించాక, రాజాం కాలేజీలో చదివే మా మేనల్లుడు తెచ్చే యుద్ధం పుస్తకాలు నేనే చదివి వినిపిస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను.

పెద్ద అధికారులు రాసినవి ఆయనకు నచ్చవు. "ఆళ్లు మ్యాపుల మీద నడిసినోళ్లు, మంచులో నడిసింది మేం," అంటారు. ఓ లారీ డ్రైవరు రాసుకున్న జ్ఞాపకాలు మాత్రం మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. గడ్డకట్టిన రొట్టెను చొక్కా లోపల పెట్టుకుని, ఒంటి వేడికి మెత్తబడ్డాక తినడం అందులో ఉంది. యుద్ధం గురించి ఏం చదవాలని ఎవరడిగినా నేను ఆ పుస్తకమే చెప్తాను.

కానీ ఆయన వెతికేది వేరు. చీపురుపల్లి స్నేహితుడొకడు కొండ మీద ఆయన పక్కనే ప్రాణం వదిలాడు. ఏదో ఒక పుస్తకంలో అతని పేరుంటుందని ఆయన ఆశ.

మొన్న మేనల్లుడు ఆ కొండ గురించిన పుస్తకమే తెచ్చి, మా పక్కన కూర్చున్నాడు. అధికారుల పేర్లన్నీ వచ్చాయి. తర్వాత "కొందరు జవాన్లు మరణించారు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

"పేరు వదిలేసినావేటే? మల్లీ సూడు," అన్నారు.

మళ్లీ చదివాను.

"నీకు సరిగ్గా రాదు గానీ, ఆడికియ్యి."

మేనల్లుడు ఆ పేజీ అంతా చూశాడు. "నేదు మావా. అత్త సరిగ్గానే సదివింది."

"అయితే ఇంకో పుస్తకం తేరా!"

రాజాంలో దొరికేవన్నీ అయిపోయాయని వాడు నాకు ముందే చెప్పాడు. అయినా "అలాగే మావా," అని సంచి అందుకున్నాడు.