ఎవరికీ వేయని వాక్యం

లోకంలో కొత్త వాక్యాలన్నీ అయిపోతాయేమోనని నేను నిజంగానే బెంగపడ్డ రోజులున్నాయి. డిగ్రీ అయ్యాక నందిగామలో మా బాబాయి ఫ్లెక్సీల కొట్లో కూర్చునేవాణ్ణి. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ ఆయనే ఏదో ఒకటి వేసేసేవాడు. చనిపోయినవాళ్ళ ఫొటో కింద మాటలు మాత్రం నావి (నేను పుస్తకాలు చదువుతానని, పైగా నా మొహం ఆ పనికి సరిపోతుందని ఆయన అభిప్రాయం). ఒకసారి వేసిన మాట మళ్ళీ వేయకూడదని పంతం పట్టాను. ఆకాశంలో తారలు రెండు నెలల్లో అయిపోయాయి. ఆరిన దీపాలు, రాలిన పూలు వర్షాకాలం దాటలేదు. ఇక కూర్చోలేక, నిలబడలేక, బస్టాండు దాకా వెళ్ళి బోర్డులన్నీ చదివి తిరిగొచ్చేవాణ్ణి. "మాటలు అయిపోవడమేంట్రా, అవేమన్నా సిలిండర్లో గ్యాసా?" అనేవాడు బాబాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి ఒక కిరాణా కొట్టాయన వచ్చాడు. మర్నాడు వాళ్ళమ్మ పెద్దకర్మ. ఆయనకీ తమ్ముడికీ రెండేళ్ళుగా మాటల్లేవు. తమ్ముడు ఆ ఊళ్ళోనే వేరే ఫ్లెక్సీ వేయిస్తున్నాడని తెలిసి, తన మాట బయటికి పొక్కకూడదని ఈయన ఇంత దూరం వచ్చాడు. "ఇదిగో అబ్బాయ్, ఇప్పటిదాకా ఎవరికీ వేయని మాట కావాలి. నాది చూశాక జనం వాడిది చూడకూడదు." వాడిన మాటలు కొట్టేస్తూ వచ్చిన నా నోటుపుస్తకం తిరగేశాను. కొట్టేయని మాట ఒక్కటీ లేదు. "అమ్మగారు ఎలా ఉండేవారండి?" అన్నాను, ఇంకేం తోచక.

"ఎలా ఏముందయ్యా, ఫ్యాను కట్టేసేది. మనం గదిలో ఉన్నా సరే. 'ఫ్యానాపండ్రా' అని రోజుకి పదిసార్లు. ఆస్పత్రిలో కూడా అదే గొడవ." ఇంత చెప్పి, తిరుగుతున్న మా ఫ్యాను వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

దొరికింది, అనుకున్నాను. అలంకారాలన్నీ తీసేసి, ఆవిడ ఫొటో కింద "ఫ్యానాపండ్రా!" అని ఒక్కటే పెట్టాను. "తంతాడ్రా నిన్ను," అని గొణిగాడు బాబాయి. కిరాణా ఆయన తన్నలేదు. కంప్యూటరు మీదికి వంగి చదివి, "వెయ్యి," అన్నాడు. నా వాక్యాన్ని జనం ఎలా చదువుతారో చూడాలని, మర్నాడు పొద్దున్నే ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని నేనే బస్సెక్కాను.

గేటుకి ఎడమవైపు మాది కట్టించి తిరిగేసరికి, కుడివైపు తమ్ముడు తనది విప్పిస్తున్నాడు. అదే ఫొటో. కింద అదే మాట. (ఆశ్చర్యార్థకం కూడా.)

"ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు అన్న.

"ఒకడు చెప్పేదేంటి? అమ్మ నన్ను అనలా?"

"నిన్నెప్పుడందిరా? నన్నే అనేది!"

"నువ్వు పొద్దస్తమానం కొట్లో చచ్చేవాడివి. ఇంట్లో ఫ్యాను కింద పడుకున్నదెవరు? నేను!"

నేను మధ్యలో దూరి, "మీది ఎన్నింటికి రాయించారండి? ముందు రాసింది ఎవరో తేలాలి," అన్నాను. తమ్ముడు ఎగాదిగా చూశాడు. "నువ్వెవరయ్యా?"

"ఆ మాట రాసినవాణ్ణండి."

"నువ్వు రాసేదేంటి? అది మా అమ్మది."

ఆ ఒక్క విషయంలో అన్న కూడా తమ్ముడి మాటకే తల ఊపాడు. తర్వాత ఇద్దరూ అదే తగువుతో పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఎవరో నన్నూ పిలిచారు. తినకుండా బస్సెక్కి, నందిగామ వచ్చేదాకా నా వాక్యం పోయిందని కుమిలిపోయాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మా ఇంట్లోనూ దండ వేసిన ఫొటోలు రెండు గోడెక్కాయి. ఇప్పుడు ఆనాటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. ఆ గేటు దగ్గర అంతమంది ఉన్నారు. ఒక తల్లి చనిపోయిందన్న సంగతి గుర్తులేనిది వాడొక్కడికే.