ఆపదలో ఎవరికి చెప్పాలి

తొంభైల మొదట్లో పటాన్‌చెరులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకున్నాను. మాది కృష్ణా జిల్లా. దిగిన రోజే ఇంటి ఓనరమ్మ పళ్లెంలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టుకుని తెచ్చింది. "మేం అన్నం తినేవాళ్లమండీ" అన్నాను. మర్యాదగానే అన్నాననుకున్నాను. "గట్లనా సార్" అని పళ్లెం వెనక్కి తీసుకుపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లూ మా మధ్య నడిచిన మాటలన్నీ నల్లా నీళ్ల గురించే. నేనూ తక్కువవాణ్ణి కాదు. "నోరు విప్పితే ముత్యాలు రాలతాయా ఏం?" అని మా అమ్మ తిట్టిపోసే రకాన్ని.

నాలుగో ఏడు పక్క గదిలోకి సూడాన్ నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. దగ్గర్లోని పంటల పరిశోధన కేంద్రంలో జొన్న తెగుళ్ల మీద చదువుకోవాలి. ఆరోగ్య బీమా కాగితం చూపిస్తేనే చేర్చుకుంటామన్నారట. గడువు దగ్గరపడింది. "మీది ఆ ఆఫీసే కదా" అని ఇంగ్లీషులో అంటూ ఫారం పట్టుకుని వచ్చాడు. నాలుగేళ్లలో నా గదికి వచ్చిన మొదటి మనిషి అతనే. ఉన్న ఒక్క కుర్చీ అతనికిచ్చి నేను మంచం మీద కూర్చున్నాను.

పేరు, వయసు, పాత జబ్బులు అయ్యాయి. ఆ తర్వాతి గడి: ఆపదలో ఈ ఊళ్లో ఎవరికి చెప్పాలి, వారితో సంబంధం, వారి సంతకం.

పరాయి దేశంలో పాపం ఇతనికెవరున్నారు, నేనే కదా అనుకుని పెన్ను మూత తీశాను. నిజం చెప్పాలంటే, నన్ను అడుగుతాడని ఆశపడ్డాను. ఏదో ఒక కాగితం మీద, ఎవరో ఒకరికి కావలసినవాడిగా నా పేరు ఉండాలనిపించింది.

"పెద్దమ్మ ఉంది కదా" అన్నాడు, గోడ అవతలికి చూపిస్తూ.

పెద్దమ్మంటే ఓనరమ్మే. వచ్చిన రోజు ఆమె రొట్టె తెస్తే, మా ఇంట్లోనూ జొన్నే తింటామని సైగలతో చెప్పి, ఆమె వంటింటి గడపలోనే కూర్చుని తిన్నాడట. ఇంకొకటి అడిగి వేయించుకున్నాడట. మూడు వారాలకే వరుస కలిసింది. ఆ పిలుపు కూడా ఆమే నేర్పింది.

సంతకం కావాలని పిలవగానే వచ్చింది. "ఏంది బిడ్డా, ఎక్కడెయ్యాలె?"

ఆఫీసు సంచిలోంచి ఇంకుప్యాడ్ తీసిచ్చాను. "ఇతనికేమన్నా అయితే ఆస్పత్రి వాళ్లు మిమ్మల్నే పిలుస్తారు. ఆలోచించుకోండి" అన్నాను. పైకి ఆఫీసు మాటే గానీ, లోపలున్నది కుళ్లు.

"పిలిస్తే పోత. గిండ్ల సోంచాయించుడేముంది సార్?" అని వేలిముద్ర వేసి, వేలిని తలకు తుడుచుకుంది.

పాలసీ వేళకు వచ్చింది. అతను చదువులో చేరాడు.

ఆ నెలలోనే మా ఆఫీసు వాళ్లు మాకూ ఆరోగ్య బీమా ఇచ్చారు. అదే ఫారం. రోజూ నలుగురికి నింపిపెట్టేవాణ్ణి, నాది మాత్రం ఆ గడి దగ్గరే ఆగిపోయింది. అమ్మ పోయి ఏడాదైంది. అన్న ఉన్నాడు గానీ విజయవాడలో. ఆఫీసులో నన్ను ఇంటికి పిలిచినవాళ్లు లేరు, నేను పిలిచిందీ లేదు. ఆ ఇంట్లో పరాయివాడెవరా అని చూసుకుంటే నేనే. చాలా ఒంటరిగా అనిపించింది.

ఆదివారం పొద్దున ఫారం మడిచి జేబులో పెట్టుకుని ఓనరమ్మ గడప దగ్గరికి వెళ్లాను. లోపల రొట్టెలు చేస్తోంది. ముందు ఒక రొట్టె అడిగి తిందాం, ఆ తర్వాత సంగతి చెబుదాం అని అనుకునే వెళ్లాను.

రొట్టె కొట్టడం ఆపి తలెత్తింది. "ఏంది సార్, నల్లా వస్తలేదా?"

"అవునండీ" అన్నాను.

"మోటరేస్త, జెర ఆగుండ్రి."

పిండి చేతులు కడుక్కుని లేచింది. నేను గదికి వచ్చి, నిండుగా ఉన్న బకెట్‌ను వంపేసి నల్లా కింద పెట్టాను.