తాలు మూటకు బదులు

మిరప పండించే ఇంటి నుంచి చుట్టాలకు తాలు వెళ్ళదు. మా వైపు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. కల్లంలో కాయలు ఏరేటప్పుడు ఎర్రకాయ ఒక రాశి పోస్తారు, తెల్లబడి మచ్చలు పడిన తాలు ఇంకో రాశి పోస్తారు. తాలు చవగ్గా అమ్ముడుపోతుంది. అది ఎవరి కూరలోకి పోతుందో ఎవరూ అడగరు. చుట్టాలకు పంపేది మాత్రం నిగనిగలాడే ఎర్రకాయ, అందులోనూ ఏరినది. ఇంట్లోవాళ్ళు తాలు దంచుకుని తినైనా సరే బయటికి ఎర్రకాయే పంపుతారు.

మా తోడికోడలు నాకు పది కిలోల తాలు పంపింది.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. మా ఆయన, మా బావగారు ఇద్దరే అన్నదమ్ములు. వాళ్ళ ఊరు దర్శికి అవతల. మామగారికి గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు బావగారు చేతులెత్తేశారు. మా ఆయన తన వాటా ఎకరంన్నర అమ్మి ఆసుపత్రిలో కట్టారు. ఆ తర్వాత మేం గుంటూరు వచ్చేశాం. ఆయన ఆటో నడుపుతారు, నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. మేం ఊరు వదిలిన రోజు బావగారు మా ఆయన భుజం మీద చెయ్యేసి, "నేను మిరప వేసినన్నాళ్ళు మీ ఇంట్లో కారం కొనే పనుండదురా" అన్నారు. ఎకరంన్నరకు అది బదులు కాదు. అయినా మాట మాటే కదా అని ఊరుకున్నాను.

ఏటా ఒక మూట ఎర్రకాయ వచ్చేది. కాయ ధర బాగా పెరిగిన ఏడు కూడా మూట వచ్చింది. ఎప్పట్లాగే డాబా మీదికి మోసుకెళ్ళి, ఇంటి ఓనరమ్మ, పక్క వాటా ఆవిడ చూస్తుండగా విప్పి, పరిచిన పాత చీర మీద పోశాను. చీరంతా తెల్లగా అయింది. ఓనరమ్మ ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టింది. ఆ ఏమీ అనకపోవడం నాకు ఇప్పటికీ గుర్తే. మూట మారిపోయి ఉంటుందనుకుని ఊరికి ఫోన్ చేశాను.

"మారలేదమ్మా, నేనే కట్టించా" అంది మా తోడికోడలు. "టీ పొడి ఎండబెట్టి రెండోసారి మరగబెట్టేదానివి, నీకు ఎర్రకాయ ఎందుకే? కారంగా ఉంటే చాల్లే. రేటేమో ఆకాశంలో ఉండె."

ఫోన్ అవతల కాయలు ఏరే ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కల్లంలో స్పీకర్ పెట్టి మాట్లాడింది. వాళ్ళలో ఒకావిడ, "ఎంగిలి చేత్తో కాకిని తోలదంటగా మీ చెల్లెలు" అంటే, మళ్ళీ నవ్వారు.

నేను పొదుపరిని, కాదనను. నా జీతానికీ ఆటో రాబడికీ పొదుపు చేయకపోతే మూడో వారంలో పొయ్యి వెలగదు. నా పొదుపుతో ఆవిడకు ఒక్క రూపాయి నష్టం లేదు. ఆవిడ ఇంట్లో ఏ పూటా నేను పీటకు బరువు కాలేదు. మామగారి మందులకు మా పొలం కరిగిపోతుంటే ఆవిడ మెళ్ళో గొలుసు మెళ్ళోనే ఉంది. అలాంటి మనిషి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన ఆ కాయలు పారేసి వేరేవి కొందామన్నారు. నేను ఒప్పుకోలేదు. తొడిమలు తీసి, మిల్లు పట్టించి, ఆ పాలిపోయిన కారమే డబ్బాల్లోకి ఎత్తాను. ఏడాది పొడుగునా చేపల పులుసు జబ్బు చేసినట్టు ఉండేది. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ నవ్వు వినపడేది. మర్చిపోకూడదనే తిన్నాను.

ఆ మే నెలలోనే ఆయన ఊరు వెళ్ళొచ్చి మాటల్లో ఒక సంగతి చెప్పారు. బావగారు సొంత పొలంతో పాటు దేవుడి మాన్యం మూడెకరాలు కౌలుకు చేస్తారు. మూడేళ్ళకోసారి గుడి దగ్గర వేలం పెడతారు. ధరావతు కట్టినవాళ్ళు ఎవరైనా పాడొచ్చు, ఎక్కువ పాడినవాళ్ళకు భూమి. ఊళ్ళో మాత్రం ఒకరు చేసుకునే మాన్యానికి ఇంకొకరు పోటీ వెళ్ళరు. అదొక కట్టుబాటు. బావగారు పాత కౌలు మీద ఒక వెయ్యి వేసి పాడతారు, అధికారి మూడుసార్లు అరుస్తాడు, అందరూ టీ తాగి లేస్తారు. ఆ మూడెకరాలు ఊళ్ళోకెల్లా మంచి నేల. వాళ్ళ గొలుసులు, వాళ్ళ ట్రాక్టరు అన్నీ అందులోంచే వచ్చాయి.

"ఈసారీ ఏడాదికి అరవై వేలకే అన్నయ్యకు వచ్చేసింది. బయట కౌలైతే తొంభై పైమాటే" అన్నారు ఆయన.

నేను బియ్యం ఏరుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. మూడేళ్ళు టైముంది అనుకున్నాను.

అంతకుముందు నేను చేసింది పొదుపే కాదని ఆ మూడేళ్ళలో తెలిసింది. బడికి షేర్ ఆటో మానేసి నడిచాను. మా ఆయన ఆటో కూడా ఎక్కలేదు, ఆ టైముకు కిరాయి దొరుకుతుంది కదా. కూరగాయల బజారుకు మూసే వేళకు వెళ్ళి, వాళ్ళు గోనె దులిపేటప్పుడు మిగిలినవి కుప్పగా బేరమాడేదాన్ని. పప్పు పొద్దున్నే నానబోసి సాయంత్రం వండితే గ్యాసు నాలుగు రోజులు ఎక్కువ వచ్చేది. పేస్టు ట్యూబు కోసి లోపల గీకాం. అరిగిన సబ్బు ముక్క కొత్త సబ్బుకు అంటించాం. పాత చీర లోపలి లంగా అయింది, లంగా మసిగుడ్డ అయింది. నాలుగు పెళ్ళిళ్ళకు జ్వరం తెచ్చుకున్నాను. చదివింపులు మిగిలాయి. టీ పొడి మాత్రం రెండుసార్లు కాదు, మూడుసార్లు మరగబెట్టాను. మూడోసారిది ఆవిడ పేరు మీద తాగేదాన్ని.

నెల మొదట్లో పోస్టాఫీసుకు వెళ్ళేటప్పుడు నాకు గుడికి వెళ్తున్నంత శుభ్రంగా ఉండేది మనసు. కొందరు పిల్లల చదువు కోసం దాస్తారు, కొందరు ఇంటి కోసం దాస్తారు. నేను ఒక మనిషి మొహం మాడిపోవడం చూడ్డానికి దాచాను. అలా దాస్తే డబ్బు చాలా త్వరగా పోగవుతుంది. నన్నడిగితే పొదుపుకు పగను మించిన తోడు లేదు.

దాని ఖర్చు ఆయన మీద కూడా పడింది. రెండో ఏడు ఆయనకు దవడ పన్ను సలిపింది. రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందన్నాడు డాక్టరు. నేను లవంగాలు పెట్టాను, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. అలా రెండు నెలలు గడిపాను. చివరికి మొహం వాచిపోయి పన్ను పీకించాల్సి వచ్చింది. పీకడం చవక. 

వేలం దగ్గర పడ్డాక చెప్పక తప్పలేదు. లక్షా పాతిక వేలు దాచాననీ, మాన్యం పాటకు వెళ్దామనీ చెప్పాను. నిజానికి నా దగ్గర లక్షా అరవై ఉంది. పుస్తకం చూసే అలవాటు ఆయనకు లేదు. ఆయన నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నాకోసం కూడబెట్టావా?" అన్నారు.  తన చేతులారా పొలం అమ్ముకున్న మనిషి మళ్ళీ దుక్కి చూస్తానని ఎప్పుడూ పైకి అనలేదు. లోపల ఎంత ఉందో నాకు ఆ రోజు తెలిసింది. కాదని చెప్పలేదు. ఆ వారమంతా ఏ రకం నారు పోయాలి, ఏ వైపు నుంచి నీళ్ళు తిప్పాలి అని ఆటో కడుగుతూ మాట్లాడుతూనే ఉన్నారు.

నా లెక్క నాకుంది. అన్నగారిమీదికి పోటీ వెళ్ళడం ఇష్టం లేకపోయినా ఆయన నాతో వస్తారు. బావగారు మధ్యలో వదిలేస్తే భూమి మాది. వదలకపోతే బరువు వాళ్ళది. ఎటైనా నాకు సమ్మతమే.

వేలం రోజు గుడి దగ్గర షామియానా కింద పదిహేను మంది మగవాళ్ళు, ఒక బల్ల, ఒక అధికారి ఉన్నారు. నన్ను చూసి బావగారు, "ఏమ్మా, దండం పెట్టుకోడానికి వచ్చారా?" అన్నారు. నేను వెళ్ళి ధరావతు రసీదు అధికారి ముందు పెట్టాను. బావగారి నవ్వు అక్కడే ఆగింది.

అరవైతో మొదలైంది. బావగారు అరవై ఒకటి అన్నారు. నేను డెబ్బై అన్నాను.  ఒక పెద్దాయన, "అమ్మా, ఇది పద్ధతి కాదు" అన్నాడు. "దేవుడికి కౌలు పెరిగితే దేవుడికి కోపమొస్తుందా తాతా?" అన్నాను. అధికారి నవ్వు దాచుకున్నాడు. ఎనభై, ఎనభై అయిదు, తొంభై. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, మా తోడికోడలు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏందయ్యా ఆలోచిస్తన్నావ్? పాడు!" అని మొగుడి మీద అరిచింది. "బస్సు టిక్కెట్టుకి ఏడ్చే పీనాసిది అది. ఎంతదాకా పాడుద్దో నేనూ చూస్తా!"

నాకు కావాల్సింది అదే. ఆవిడ నోరే నా పని చేసిపెడుతుందని నాకు ముందే తెలుసు. లక్ష దాటింది. లక్ష దాటితే ఎంత పంట వచ్చినా ఆ నేల మీద మిగిలేది లేదని బస్సులో వస్తూ మా ఆయనే చెప్పారు. నేను లక్షా పది అన్నాను. బావగారి నుదుటి మీద చెమట కారుతోంది. ఆయన ఆవిడ వైపు చూశారు, ఆవిడ చెయ్యి పైకి ఊపింది. లక్షా ఇరవై. లక్షా పాతిక అన్నాను నేను. లక్షా ముప్పై అన్నారు బావగారు. 

"లక్షా ముప్పై వేలు, ఒకటోసారి."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఇంకో అయిదు పాడు" అన్నారు చెవిలో. "ఆటో అమ్మేద్దాం. నేను చూసుకుంటా. పాడవే."

"రెండోసారి."

ఆ పాట మీద ఇంకా ముప్పై వేలు నా దగ్గర ఉన్నాయి. ఆటో అమ్మనక్కరలేదు. ఆ ధరకు తీసుకుంటే నష్టమని నాకు నేను తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాను, అది నిజం కూడా. ఆ నిమిషంలో మాత్రం నేను నష్టం గురించి ఆలోచించలేదు. మా తోడికోడలు మొహం చూస్తున్నాను, గెలిచానన్న పొంగుతో వెలిగిపోతోంది. ఇక వాళ్ళు మూడేళ్ళపాటు ఏటా లక్షా ముప్పై కట్టాలి, మధ్యలో వదిలేస్తే కట్టింది పోతుంది. నేను నోరు మూసుకున్నాను.

మూడోసారి కొట్టగానే జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ నా ముందుకొచ్చి, "అయిపోయిందా నీ పీనాసి సొమ్ము?" అంది. నా ధరావతు పైసాతో సహా వెనక్కి తీసుకుని, రసీదు మీద సంతకం పెట్టి, ఆయన్ని తీసుకుని బస్సెక్కాను. ఆయన దర్శి దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

మొదటి ఏడు వాళ్ళ పూత మీద నల్ల తామర పురుగు పడింది. మందులు కొట్టి కొట్టి బావగారి చేతులు బొబ్బలెక్కాయి గానీ కాయ నిలవలేదు. రెండో ఏడు కాయ వచ్చింది, ధర పోయింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది, తర్వాత గొలుసు. బావగారు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర లారీలకు ఎత్తే పనికి వెళ్ళారని విన్నాను. విన్న రోజు నేను కడుపు నిండా అన్నం తిన్నాను. దాచుకోవడం ఎందుకు, హాయిగా నిద్ర కూడా పట్టింది.

ఈ వేసవిలో మా తోడికోడలు గుంటూరు వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో కాయల తొడిమలు తీసే పనికి కుదిరిందట. ఆదివారం మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే కూర్చుంది. లోపలికి రమ్మంటే చెప్పుల దుమ్ము చూసుకుంది. వేళ్ళ సందుల్లో కారం పట్టి ఎర్రగా ఉన్నాయి. ఆయన గదిలో కుర్చీ వేసి బలవంతాన కూర్చోబెట్టారు. మెడ బోసిగా ఉంది, మనిషి సగమైంది. ఆ మాట కోసం ఎదురుచూశాను. కల్లంలో అన్న మాటకు, ఆ మూటకు, ఆ నవ్వుకు ఇప్పుడైనా ఒక మాట అంటుందని.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. కారం నా చర్మం మీద చురుక్కుమంది.

"మూడేళ్ళు కడుపు కట్టుకుని ఆ నేల కోసం కూడబెట్టుకున్నావంట. మరిది చెప్పాడు. తన పన్ను కూడా బాగుచేయించుకోలేదంట." ఏడుస్తోంది. "మీ నోటికాడ కూడు మేం లాక్కున్నామే. అందుకే దేవుడు మమ్మల్ని ఇట్టా చేశాడు. ఉసురు తగిలింది. నన్ను క్షమించవే."

తాలు సంగతి ఆవిడకు గుర్తే లేదు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని, "దాని దగ్గర అంతకు మించి లేదు వదినా. ఉంటే పాడేదే. మన రాత" అన్నారు.

పోస్టాఫీసు పుస్తకం ఆవిడ కూర్చున్న కుర్చీ వెనక బీరువాలోనే ఉంది. చెప్పొచ్చు. ఒక్క మాటతో ఇద్దరికీ చెప్పొచ్చు. ఆవిడ చేతుల్లోంచి నా చేతులు తీసుకోకుండా, "పోనీలే అక్కా, క్షమించాను" అన్నాను. నేను కోరిన క్షమాపణ అది కాదు, ఆవిడ చేసిన తప్పూ అది కాదు. అయినా తీసుకున్నాను. ఊరికే వచ్చింది ఏదీ నేను వదులుకోను.