డబ్బాలకు చిల్లు పొడిచిన గ్రంథపాలకుడు

పోయిన మంగళవారం ఉదయం ఎనిమిదీ పది నిమిషాలకు మా ఊరి శాఖా గ్రంథాలయంలో, ఇంకా విప్పని దినపత్రికల కట్ట ముందు, కూర్చున్న కుర్చీలోనే గ్రంథపాలకులు సోమేశ్వరరావు గారు దివంగతులయ్యారు. గుండెపోటన్నారు. ఆ దుర్వార్త చెవిన పడేటప్పటికి నేను చిలకలూరిపేట బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, పోయింది. నేనెక్కలేదు.

తర్వాత పత్రికలో నాలుగు పంక్తులు పడ్డాయి. అంతిమయాత్రకు వచ్చిన పెద్దల పేర్లన్నీ వేశారు. ఊరి అవతల మా పల్లె వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అందుకే ఈ రాత. నేను యాభై రెండో ఏట అక్షరాలు నేర్చినవాణ్ణి. తప్పులుంటే ఉంటాయి, అబద్ధాలుండవు.

పన్నెండేళ్ళ కిందటి మాట. పత్తి చేలో కూలి చేసి వస్తూ, ఎండకు కళ్ళు తిరిగి గ్రంథాలయం వసారాలో కూలబడ్డాను. చేతిలో మంచినీళ్ళ డబ్బా. పురుగుమందు అయిపోయిన డబ్బాను బూడిదతో తోమి నీళ్ళకు వాడుకోవడం అప్పట్లో మా ఇళ్ళల్లో అందరూ చేసేదే. మూత బిగువుగా ఉంటుందని మురిపెం. సోమేశ్వరరావు గారు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి దాన్ని నా నోటి దగ్గర్నుంచి లాగేశారు.

"ఏవండీ, దీని మీద ఏముందో చూశారా?"

నన్ను 'అండీ' అన్న మొదటి మనిషి ఆయన.

"పుర్రె బొమ్మ. మందు అయిపోయిందిగా, ఇంక బొమ్మేం చేస్తది?" అన్నాను.

ఆయన తన కూజాలో నీళ్ళు తాగించి, మేకు పెట్టి రాయితో కొట్టి డబ్బా అడుగున చిల్లు పొడిచారు. ప్రాణదాత అని నేనేం దండం పెట్టలేదు. మంచి డబ్బా పాడు చేశావని పోట్లాడాను.

ఆ సాయంత్రం అదే మేకు, అదే రాయితో మా పల్లెకొచ్చి ఇంటింటా డబ్బాలకు చిల్లులు పొడిచారు. మా వదిన మరియమ్మ చేట ఎత్తింది.

"ఏం మాయరోగం పంతులూ నీకు? పుస్తకాలిచ్చుకోక మా డబ్బాల మీద పడ్డావ్!"

"పుస్తకాలు తీసుకోవడానికి ముందు మీరు బతికుండాలి గదమ్మా."

"మాకు చదువెక్కడ ఏడ్చింది?"

ఆయన మేకు, రాయి కింద పెట్టారు. "అయితే నేను చదువుతాను, రండి" అన్నారు.

ఆ మాట చివరిదాకా నిలుపుకున్నారు. ప్రతి సాయంత్రం వసారాలో మా మధ్య కూర్చుని మందు డబ్బాల మీది రాత, ఆసుపత్రి చీటీ, పత్రికలో వాన కబురు చదివి వినిపించేవారు. "ఇది గ్రంథాలయమా, సంతా?" అని ఒక పెద్దమనిషి ఈసడిస్తే, "గొంతుతో ఇచ్చినా పుస్తకం పుస్తకమేనండీ" అన్నారు. నా అక్షరాభ్యాసం పలక మీద కాదు, ఆ చిల్లు డబ్బా మీద. మొదట కూడబలుక్కున్న మాట 'విషము'.

ఆయన దేవుడేం కాదు. పేజీ మూల మడిచినవాడితో వారం దాకా మాట్లాడేవారు కాదు. నాకూ ఒకసారి ఆ శిక్ష పడింది.

అంతిమయాత్ర నాడు పాడె మోస్తామని అడిగాం. వినుకొండ నుంచి వచ్చిన ఆయన తమ్ముడు, "మా ఆచారం ఒప్పుకోదు, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. అనుకున్నాం. పైకి అనలేదు. దూరంగా వెనక నడిచి, శ్మశానం పక్కన మిరపచేను గట్టు మీద నిలబడ్డాం.

ఇప్పుడు గ్రంథాలయానికి తాళం. రేపు ఇంకొకరు వస్తారు, పుస్తకాలిస్తారు. ఆ వసారాలో కూర్చునే మనిషి మాత్రం రాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి నా కాళ్ళు అటే పోతున్నాయి. చదవడం వచ్చు నాకు. చదివింది ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు.

ఆ పుణ్యమూర్తికి మా అందరి నమస్సులు. ఆనాడు గట్టు మీద ఉన్నవాళ్ళం: మా వదిన మరియమ్మ, ఆమె కూతురు సలోమి, మేస్త్రీ పేతురు, కర్ర ఊతంతో అంత దూరం నడిచొచ్చిన యోహాను, చర్చి గంట కొట్టే ఆనందం, మనవరాలిని చంకనేసుకున్న సుబ్బులు, ఈ రాత రాసిన దావీదు అనే నేను.