మెడపట్టీలో లేని పేరు

తాను కుట్టిన ప్రతి చొక్కా మెడపట్టీ లోపల ఈదయ్య ఇంకొకరి పేరు కుడతాడు. ఒకప్పుడు ఫ్రెంచి వీధుల్లో కూలీలు తొడిగిన తీరు చొక్కాలవి. కాలరుండదు, చేతులు వదులు, పక్క చీలిక దగ్గర చిన్న ముక్కోణపు అతుకు. సూర్యాపేటలో ఈదయ్య కుడితే, మిర్యాలగూడ షోరూములో అవి ప్యారిస్ చొక్కాలవుతాయి. ఎవరు కుట్టారో బయట చెప్పకూడదన్నది షోరూము షరతు.

మొన్న రాకేష్ అనే కుర్రాడు అలాంటి చొక్కానే చేతులు పొట్టి చేయమని తెచ్చాడు.

"జర పైలం పెద్దాయనా, ఫారిన్ కుట్టు ఇది. ఖరాబ్ చేస్తవేమో!"

"చెయ్య బిడ్డా. రేపు రా."

కుర్రాడు వెళ్లగానే భార్య ముత్తమ్మ మండిపడింది.

"నువ్వు కుట్టిన అంగి తెచ్చి నీకే సుద్దులు చెప్తుండు! నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"

"నాదంటే షోరూమోళ్లకు తెలుస్తది. రేపటిసంది గుడ్డ ఇయ్యరు. ఇగ నన్నేం చెయ్యమంటవే?"

ఈదయ్య తన కుట్టును తానే విప్పుతూ కూర్చున్నాడు.

ఆయన అడగలేడు కనుక కొనేవాళ్లం మనమే అడగాలి. ఈసారి చొక్కా కొనేముందు మెడపట్టీ తిప్పి చూడండి. "కుట్టినాయన పేరేది?" అని షోరూములో నలుగురికీ వినబడేలా అడగండి.