ఎర్ర గుర్తు వెంట వాకాడు తీరానికి

నా గత టపా కింద మీలో ఒకరు, "తెర మీద ఆమోదం అని నొక్కితే అయిపోయే పనికి ఈ వయసులో అంత దూరం వెళ్ళడం ఎందుకు?" అని రాశారు. నా వయసు సంగతి మోకాళ్ళు రోజూ గుర్తుచేస్తూనే ఉన్నాయి, మీరు శ్రమ పడనక్కర్లేదు. ఆమోదం సంగతి మాత్రం తప్పు. ఎర్ర గుర్తు పడిన వ్యాసానికి తెర మీద ఆమోదం అనేదే కనిపించదు. మాలో ఎవరో ఒకరు స్వయంగా వెళ్ళి, రాసిన పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, కొత్త విషయం మీద మళ్ళీ రాయించి, తమ మాటగా నాలుగు వాక్యాలు జతచేసి పంపాలి. గడువు దాటితే పేరు దానంతటదే తొలగిపోతుంది. బతిమాలుకుందామన్నా అవతల మనిషి ఉండడు.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. బడిపిల్లలు వ్యాసాలు బాగా రాయడం నేర్చుకునేందుకు ఒక స్వచ్ఛంద సంస్థ ఉచితంగా ఒక యాప్ నడుపుతోంది. పిల్లలు టాబ్లెట్‌లో తెలుగులో రాస్తారు. అది రాసిపెట్టదు, "అప్పుడు నువ్వు ఎక్కడున్నావు?", "ఇది నువ్వు చూశావా, విన్నావా?", "ఈ వాక్యం తీసేస్తే ఏం పోతుంది?" అని పక్కన ప్రశ్నలు వేస్తుంది. నేను హైస్కూల్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అడిగినవే. దానికి గొంతు నొప్పి రాదు, అంతే తేడా. చివరికి నాలాంటి రిటైరైన టీచర్లం చదివి అభిప్రాయం చెబుతాం. ఒకరి వ్యాసం మరొకరి వ్యాసంతో మరీ పోలితే అది ఎర్ర గుర్తు పెడుతుంది.

వాకాడు మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి కెజియా అనే అమ్మాయి రాసిన వ్యాసానికి ఆ గుర్తు పడింది. అదే పల్లెలో ఇంకో ముగ్గురు పిల్లలకూ పడింది గానీ, వాళ్ళకు వచ్చే నెల దాకా గడువుంది. పదో తరగతి పూర్తిచేసిన కెజియాకు నేను వెళ్ళిన రోజు సాయంత్రం ఐదింటి వరకే. ఆమె పంపింది సంస్థవాళ్ళ రచనా శిబిరానికి. అందులో చోటు దొరికితే ఇంటరు చదువూ హాస్టలూ ఉచితం. దొరక్కపోతే సోమవారం నుంచి రొయ్యల కంపెనీలో పనికి వ్యాను ఎక్కిస్తానని తండ్రి మాట ఇచ్చేశాడు. వెళ్ళాల్సినావిడకు జ్వరం వచ్చిందని ముందు రోజు సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది.

పొద్దున్నే నెల్లూరులో బస్సెక్కి, తొమ్మిది లోపే గూడూరులో దిగాను. అక్కడి నుంచి వాకాడుకు బస్సులో మామూలుగా గంట పైచిలుకు. ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందని నేను చూసుకోలేదు. మీరు చూసుకోండి. రాకెట్ రోజున ఆ దారిలో బస్సు ఎప్పుడు వస్తుందో డ్రైవరుకే తెలియదు. వచ్చినదాంట్లో ఒంటికాలి మీద నిలబడి వాకాడు చేరేసరికి మధ్యాహ్నమైంది. పల్లె దాకా ఆటో మాట్లాడుకున్నాను. ఆటో నడిపే మస్తాన్, నాకు మనవడి వయసువాడు, అద్దంలో నన్ను చూసి, "రాకెట్టు చూసేదానికా అవ్వా?" అన్నాడు. కాదు, ఒక పిల్ల చేత వ్యాసం రాయించడానికి అన్నాను.

"ముందర పోలీసోళ్ళు ఆపుతారు. వాళ్ళతో ఈ మాట చెప్పబాక అవ్వా," అన్నాడు. "రాకెట్టుకనే చెప్పు. నమ్ముతారు."

అలాగే చెప్పాను, నమ్మారు. కానీ చూడ్డానికి వచ్చిన కార్లన్నీ రోడ్డుకు అడ్డంగా నిలిపి ఉండటంతో చివరి దూరం ఇసకలో నడవాల్సి వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని కెజియా ఇంటికి చేరేటప్పటికి రెండు దాటింది. రాకెట్ రోజున వేటకు వెళ్ళనివ్వరు కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. కెజియా తండ్రి యేసోబు వల వదలకుండానే కుర్చీ చూపించాడు.

"కాపీ కొట్టిందని మిషనే చెప్పిందంట గదా టీచరమ్మా. ఇంక మీరొచ్చి ఏం చేస్తారు?"

"మిషను అడిగింది. చెప్పాల్సింది నేను," అన్నాను.

కెజియా టాబ్లెట్ తెచ్చింది. ఛార్జింగు సగం కూడా లేదు. సముద్రపు గాలికి వైరు పిన్ను తుప్పు పట్టి వారమైందట. ఆ వీధిలో దొరికిన ఇంకే వైరూ దానికి సరిపోలేదు. ఉన్నదాంతోనే కానివ్వాలి. "నువ్వు గట్టిగా నమ్మిన మాట తప్పని తెలిసిన రోజు" గురించి రాయమన్నాను. ఆమె తల వంచుకుని రాసింది. నేను ఆమె చేతుల మీద నుంచి కళ్ళు తిప్పలేదు. పెట్టిన టీ ఇద్దరి ముందూ చల్లారిపోయింది. గంట తర్వాత ముగించి, సరిచూడమని నొక్కింది.

ఎర్ర గుర్తు.

నా కళ్ళెదుట రాసిన పిల్ల. చేతిలో కాగితం ముక్క లేదు, పక్కన మనిషి లేడు. యేసోబు వల పక్కన పడేసి లేచాడు. "చూసినారా," అన్నాడు, అంతే. కెజియా ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది.

చదివాను. "నేను ఈ రోజు ఇక్కడ నిలబడి ఉన్నానంటే అది ఊరికే కాదు" అని మొదలైంది. నాన్న పడవకు కొత్త ఇంజను పెట్టాక అది నడిసముద్రంలో ఆగదని నమ్మింది. ఒక సాయంత్రం అది తిరిగి రాలేదు. ఎక్కడ నిలబడి చూసిందో, ఎంత భయపడిందో, ఎవరు వచ్చి భుజం పట్టుకున్నారో, ఇప్పుడు ఇంజను చప్పుడు వినిపిస్తే ఏమవుతుందో రాసి, "మీరు కూడా నన్ను జ్ఞాపకం చేసుకోండి" అని ముగించింది. ఆ నలుగురి వ్యాసాలూ నేను చదివే వచ్చాను. నాలుగింటికీ ఇదే మొదలు, ఇదే వరస, ఇదే చివర.

"ఈ మొదటి వాక్యం ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"ఎవురూ చెప్పలా టీచరమ్మా. నిలబడి చెప్పేది అట్లనే గదా."

"ఎక్కడ నిలబడి?"

"మందిరంలో."

వాకిట్లో గుమిగూడినవాళ్ళలోంచి పాస్టరుగారి భార్య సుగుణమ్మ గారు ముందుకొచ్చారు. ఆదివారం సాయంత్రం పిల్లలు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పడం అక్కడి అలవాటట. ఎక్కడున్నావు, దేనికి భయపడ్డావు, ఎవరు ఆదుకున్నారు, ఇప్పుడెట్లా ఉన్నావు, ఆ పైన ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని అడగడం. పిల్లలు తడబడకుండా ఉండేందుకు ఆ వరస ఆవిడే నేర్పారట. యాప్ రాకముందే ఈ పిల్లలకు రాత మొదలైపోయింది, మందిరంలో చాప మీద కూర్చుని. నలుగురూ ఒకరి దాంట్లో ఒకరు చూసి రాశారనుకుంది పాపం మిషను.

కారణం దొరికింది గానీ గడియారం ఆగలేదు. దగ్గరి దారిగా మొదలూ చివరా తీసేసి, మధ్యలో మామూలు వ్యాసం తీరుగా మార్చి చూడమన్నాను. ఎర్రదాన్ని అలాగే ఉంచి ఇంకో ప్రతిలో మార్చింది. ఆకుపచ్చ గుర్తు పడింది. యేసోబు ఊపిరి వదిలి కూర్చున్నాడు. నేను చదివితే "సముద్ర ప్రయాణంలో అనేక ప్రమాదాలు సంభవిస్తూ ఉంటాయి" అని ఉంది. గైడుల్లోంచి దింపిన ఇలాంటి వాక్యాలు దిద్దీ దిద్దీ రిటైరయ్యాను నేను.

"ఈ రెంటిలో నీది ఏది?"

ఆ పిల్ల ఒకసారి తండ్రి వైపు చూసి అంది: "పచ్చది పంపించండి టీచరమ్మా."

"నేను అడిగింది అది కాదు."

టాబ్లెట్ తన వైపు తిప్పుకుని, "ఎర్రదే," అంది.

పచ్చది పంపితే పని సులువే. కానీ దానికీ ఆమె మొదట పంపిన వ్యాసానికీ ఎక్కడా పోలిక లేదు. అది పంపడమంటే, మొదటిది ఈ పిల్ల రాసింది కాదని నేనే సంతకం పెట్టడం. ఎర్రదే పంపుతానన్నాను. యేసోబు ముఖం చూస్తే నన్ను అప్పుడే వ్యాను ఎక్కించేలా ఉన్నాడు. "రేపు చోటు రాకపోతే మీరేం పోగొట్టుకుంటారు టీచరమ్మా?" అన్నాడు. సాక్ష్యం వరస గురించి నాలుగు వాక్యాలు రాసి జతచేశాను.

సరిచూడడం టాబ్లెట్‌లోనే అయిపోతుంది గానీ, పంపాలంటే సిగ్నల్ కావాలి, ఇంట్లో అది లేదు. పల్లె మొత్తానికి సిగ్నల్ నిలిచేది తుఫాను రక్షణ భవనం మేడ మీదే. మెట్లెక్కి వెళ్తే అక్కడ కాలు పెట్టే చోటు లేదు. పల్లెవాళ్ళు, బయటి నుంచి వచ్చినవాళ్ళు, అందరూ దక్షిణం వైపు ఫోన్లు పట్టుకుని ఎక్కడెక్కడి బంధువులకో వీడియో చూపిస్తున్నారు. పంపు అని నొక్కితే తెర మీద చక్రం తిరగడం తప్ప ఏమీ లేదు. ఐదు కావస్తోంది. బ్యాటరీ బొమ్మ కూడా ఎర్రబడింది. ఫోన్లు ఆపమని నేను నాలుగైదుసార్లు అడిగాను. రాకెట్ కోసం వచ్చిన జనానికి ముసలమ్మ గొంతు కాకి గొంతుతో సమానం.

సుగుణమ్మ గారు నా చేతిలో టాబ్లెట్‌ను, కెజియా ముఖాన్ని చూశారు. తర్వాత మామూలు గొంతుతోనే, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

ఆ పల్లెలో ప్రార్థన అంటే ఫోను మూగబోవడం కాదు, పూర్తిగా ఆరిపోవాలి. మరిచినవాళ్ళు వారం రోజులు మందిరం ఊడవాలట. పల్లెవాళ్ళంతా ఒక్కసారిగా ఫోన్లు ఆపి కళ్ళు మూసుకున్నారు. బయటివాళ్ళు అటూ ఇటూ చూసి, మొహమాటానికి వాళ్ళూ వీడియోలు ఆపి కళ్ళు మూశారు. అంతలో దక్షిణాన వెలుగు లేచింది, కాసేపటికి మేడ అదిరేలా గర్జన వచ్చింది. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. సుగుణమ్మ గారు ఆపలేదు సరికదా, జబ్బుపడినవాళ్ళను పేరు పేరునా తలుచుకోవడం మొదలుపెట్టారు. కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కదాన్నే. నేను చూసింది రాకెట్‌ను కాదు, చక్రాన్ని. అది ఆగింది. "చేరింది" అని పడింది. ఆ వెంటనే తెర ఆరిపోయింది. ఆమెన్ అన్నాను, అందరికంటే ముందు.

వాళ్ళు కళ్ళు తెరిచేటప్పటికి ఆకాశంలో మిగిలింది పొగ. ఆ పిల్లకు చోటు వస్తుందో రాదో అప్పటికి ఎవరికీ తెలియదు. మస్తాన్ ఆటో కార్ల మధ్య ఇరుక్కుపోయి కదలలేదు గనక నాకు తిరుగు ప్రయాణం దొరికింది. దారిలో, రాకెట్ బాగా పోయిందా అవ్వా అని అడిగాడు. పోయిందనే చెప్పాను.

ఆదివారం రాత్రి భోజనాల వేళ యేసోబు ఫోన్ చేశాడు. నమస్కారం లేదు, కుశల ప్రశ్న లేదు. "సీటొచ్చింది. వ్యానును రావద్దన్నా," అని పెట్టేశాడు. ఆ యాప్‌ను తిట్టమని నన్ను అడగకండి. అది తెలియనిది తెలియదని ఎర్ర గుర్తు పెట్టి అడిగింది. మనుషుల్లో ఆ మాత్రం చేసేవాళ్ళను నేను తక్కువగానే చూశాను. కాకపోతే ఆ ప్రశ్నకు జవాబు గూడూరు అవతల, బస్సు దిగి, ఇసకలో నడిస్తే గానీ దొరకదు.

మిగతా ముగ్గురి ఎర్ర గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చే నెల వెళ్ళేవాళ్ళు ఆదివారం చూసుకుని వెళ్ళండి, ముందు మందిరంలో వెనక వరసలో కూర్చుని పిల్లల మాట వినండి, వ్యాసాలు ఆ తర్వాత. దారిలో గూడూరు బస్టాండు దగ్గర ఫోను సామాన్ల కొట్టులో టైప్-సి ఛార్జింగు వైరు ఒకటి కొనండి. పొట్టిది వద్దు, అక్కడ ప్లగ్గు పాయింటు పైన గూట్లో ఉంది. సుగుణమ్మ గారి చేతికిచ్చి, వాడనప్పుడు ఉప్పుగాలి తగలకుండా బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పండి.