డిస్కో ఆంటీకి నేను చెప్పని జవాబు

ఆ రోజుల్లో నాకు జవాబుల మీద కన్నా ప్రశ్నల మీదే మోజు. గుంటూరు హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి కదా, ఎదుటివాడు నీళ్లు నమిలితే చాలు, నేను గెలిచినట్టే. ఆ ధీమాతోనే కెనడా వచ్చి సార్నియాలో కాలేజీ చదువు ముగించాను. ఊరి చివర కెమికల్ ప్లాంటులో, పీఆర్‌కి (అంటే ఇక్కడ శాశ్వత నివాసానికి) పనికొచ్చే ఉద్యోగమూ వచ్చింది. అయితే ఆ షిఫ్టు వేళకు అటు బస్సుల్లేవు. సోమవారంలోగా డ్రైవింగ్ లైసెన్స్ చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాకు డ్రైవింగ్ నేర్పినావిడను మా రూములో అందరం డిస్కో ఆంటీ అనేవాళ్లం. ఒకప్పుడు తళుకుల గౌను వేసుకుని క్లబ్బుల్లో డిస్కో పాటలు పాడి, రికార్డులిచ్చి, రేడియోలో మోగి, చివరికి అన్నీ వదిలేసి చర్చిలో భక్తిగీతాలకు కుదురుకున్న గాయని. నేను ప్రతి రెడ్ లైటు దగ్గరా దేవుడికి ఆధారాలు అడిగేవాణ్ణి. ఆవిడ "గ్రీన్ పడింది" అనేది. (దాన్ని నేను ఆవిడ ఓటమి కింద జమకట్టేవాణ్ణి.) "టెస్టుకి కారు కూడా ఆవిడదేరా. లైసెన్స్ వచ్చేదాకా నీ నాస్తికత్వం కాస్త పార్క్ చెయ్" అని రూమ్మేట్ మొత్తుకున్నాడు.

వింటేనా! టెస్టుకు ముందురోజు, ఆఖరి పాఠంలో అడిగేశాను: మిమ్మల్ని దేవుడు పిలిచాడా, లేక క్లబ్బులవాళ్లు పిలవడం మానేశారా అని. ఆవిడ కారు పక్కకు ఆపమంది. నా ఉద్యోగం అక్కడే దిగిపోయిందనుకున్నాను.

"క్లబ్బులవాళ్లే ముందు మానేశారు" అంది (ఇంగ్లీషులో అన్నదానికి ఇది నా తెలుగు). "రెండేళ్లు చెప్పుల షాపులో పనిచేశాను. ఒకావిడ అంత్యక్రియల్లో పాడేవాళ్లు లేక నన్ను పిలిచారు. చప్పట్లు లేవు. అయినా ఇంకో పాట పాడాలనిపించింది. దేవుడే ముందు పిలిచాడని చెప్పుకుంటే బాగుండేది. కానీ అలా జరగలేదు."

నా దగ్గర సిద్ధంగా ఉన్న ఖండనలన్నీ ఆవిడ అబద్ధమాడుతుందన్న నమ్మకం మీద కట్టినవి. ఒక్కటీ పనికిరాలేదు.

"మరి నువ్వెందుకొచ్చావు ఈ దేశానికి?" అని మామూలుగా అడిగింది.

"పరిశోధన కోసం" అన్నాను. (మా కోర్సులో పరిశోధన అనేదే లేదు.)

ఆవిడ నమ్మినట్టే తలూపి, ఇండికేటర్ వేసి బయల్దేరమంది. మర్నాడు చెప్పిన టైముకు కారు తెచ్చింది. పాసయ్యాను, ఉద్యోగంలో చేరాను.

నేనిప్పటికీ దేవుణ్ణి నమ్మను. నిజాయితీ గురించి మాత్రం డజన్లకొద్దీ వ్యాసాలు రాశాను. వాటిలో ఎక్కడా రాయని ఒక్క వాక్యాన్ని ఇన్నేళ్లకు, నాలో నేను నవ్వుకుంటూ, అదీ ఆవిడ చదవలేని భాషలో రాస్తున్నాను: పీఆర్ కోసమే వచ్చానండీ.